మంచు మీద గీతలు

రజని తునికాకు కట్టల మీద నీళ్లు చల్లి తడి గోనెసంచి కప్పుతోంది. తడి ఆరితే ఆకు మడవగానే పగులుతుంది. రాయికల్‌లో బీడీలు చుట్టే ఇంట్లో రోజు మొదలయ్యేది ఈ పనితోనే. అది పని కిందికి రాదంటాడు దుబాయి నుంచి రెండేళ్లకోసారి వచ్చే భర్త సురేందర్. "నీడపట్టున కూసొని చుట్టుడే గదనే, గదేం కష్టం?"

నిన్న ఫోన్‌లో ఇంకో మాట అన్నాడు. "పోరిని జగిత్యాల పంపకు. ఆకు ఎవలు కత్తిరిస్తరు?"

పదో తరగతి చదివే కూతురు స్వప్న ఇవాళ జగిత్యాలలో సైన్సు పోటీలో మాట్లాడాలి. వెంట ఇంటివాళ్లు ఒకరు రావాలన్నారు బడిలో. వెళ్తానో లేదో తెలియకపోయినా పిల్ల యూనిఫాం వేసుకుని, గడప దగ్గర నిలబడి చెప్పుకుంటోంది.

"గురుగ్రహం చుట్టు తిరిగే ఒక చందమామ పేరు యూరోపా. పైనంత మంచు. మంచు నిండ పొడుగు పొడుగు గీతలు."

"గురుడంటే మనం గుళ్లె మొక్కే గురుడేనా బిడ్డా?"

"ఆయనేనమ్మా. యూరోపా దగ్గరికొస్తే ఎక్కువ గుంజుతడు, దూరమైతే ఇడుస్తడు. గట్ల గుంజంగ, ఇడువంగ మంచు పలిగి గీతలు పడతయి."

"ప్రదక్షిణ చేసేదాన్నే పలగ్గొడతడా?" అనేసి, తప్పు మాటేమోనని రజని చెంపలు వేసుకుంది.

స్వప్న నవ్వి, ఒక ఇనుప తీగను అటూ ఇటూ గబగబా వంచి తల్లి అరచేతిలో పెట్టింది. వెచ్చగా తగిలింది. "గిట్ల వంగి వంగి పుట్టే గీ వేడే యూరోపా లోపల కూడ. గందుకే పైన గడ్డకట్టినా కింద సముద్రం గడ్డకట్టలేదంటరు."

రజని ఆ తీగను పిడికిట్లో పట్టుకుని కూర్చుంది. భర్త ఇంట్లో ఉన్న రెండు నెలలూ కూరకు, చీరకు, నవ్విన నవ్వుకు సంజాయిషీ. ఆయన వెళ్లాక అత్త, ఆకు, పొగాకు దగ్గు. మళ్లీ ఆయన రావడం. పదిహేడేళ్లుగా అదే తిరుగుడు. రోజూ దీపం పెట్టి అందర్నీ చల్లగా చూడమని మొక్కింది గానీ, ఆ అందర్లో తానున్నానా అని దేవుణ్ని ఏనాడూ అడగలేదు. తానెప్పుడో గడ్డకట్టుకుపోయాననే అనుకుంది. మరి పిల్ల మాట్లాడుతుంటే లోపల కదులుతున్నదేమిటి?

లేచి చీర మార్చుకుంది. స్వప్న చేయి పట్టుకుని వాకిట్లోకి వచ్చేసరికి అత్త అరుగు మీది నుంచి అరిచింది.

"యాడికే ఇద్దరు? నీళ్లెవలు చల్లాలె? పొద్దుమీకేసరికి ఆకు ఎండి పలుగుతది గదనే!"

"పలగనియ్యి అత్తమ్మా," అంది రజని.