పేషెంటు తరఫు మనిషి

లాలాగూడలో క్లినిక్ నడుపుతున్న మా ఆయన, డాక్టరు పద్మనాభం గారికి ఒక నియమం ఉంది. పెద్ద జబ్బని తేలితే పేషెంటుకు చెప్పరు. పేషెంటును బయట కూర్చోబెట్టి, వెంట వచ్చిన మనిషికి చెప్తారు. పేషెంటుకు మాత్రం "గ్యాసండీ" అని ఒక గోలీ. ఆ గ్యాసుతో ఎంతమంది పోయారో దేవుడికే తెలియాలి.

ఇప్పుడు ఆయనకే కడుపులో నొప్పి. స్కానింగ్ చేసిన డాక్టరు హిమజ ఆయన దగ్గర పని నేర్చుకున్న పిల్లే. గురువుగారి పద్ధతి ప్రకారం ఆయన్ని బయట కూర్చోబెట్టి, నన్ను లోపలికి పిలిచింది. క్యాన్సర్. కాలేయమంతా పాకింది.

బయటికొచ్చి "గ్యాసేనటండీ" అన్నాను. ఆయన ముఖం పాలిపోయింది. ఆ మాటకు అర్థం ఆయనకు తెలియదా?

రిపోర్టు ఇంట్లో బల్లమీదే పడి ఉంది. దాని చుట్టూ తిరుగుతారే గాని ముట్టుకోరు. పేషెంటు చూడకూడదట! నాకు ఒళ్ళు మండింది. కాంపౌండరు నాగూర్ బాషాని అడిగారు. "నాకేం ఎర్క సార్, గ్యాస్ అంటున్రు" అని అతను తల దించుకున్నాడు. మోండా మార్కెట్‌లో కూరలామె సైతం నన్ను చూసి కళ్ళొత్తుకుంది.

మర్నాడు, ఎప్పుడూ ప్యాంటూ చొక్కాలో ఉండే ఆయన పంచె కట్టి, కండువా వేసుకుని "పద" అన్నారు. హిమజ ఎదుట కూర్చుని, "నేను పద్మనాభం అన్నయ్యని. పేషెంటు తరఫు మనిషిని. వాడు ఇంట్లో ఉన్నాడు, పర్లేదు చెప్పండి" అన్నారు.

హిమజ నావైపు చూసింది. నేను నేలవైపు చూశాను. ఆ పిల్ల నిజంగా అన్నగారికి చెప్పినట్టే అంతా చెప్పింది. "ఎండాకాలం దాటుడు కష్టం. మీ తమ్మునికి మాత్రం చెప్పకుండ్రి, పరేషాన్ అయితడు."

"చెప్పనమ్మా. వాడు ఒట్టి పిరికివాడు" అని లేచారు. తలుపుదాకా వెళ్ళి వెనక్కి తిరిగారు. "వాడికి నొప్పి ఎక్కువుంటుందా?"

హిమజ ఏడ్చేసింది.

ఆటోలో కండువా తీసి ఒళ్ళో పెట్టుకున్నారు. "రాజ్యం, డాక్టరేమంది?" అని అడిగారు.

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను. ఆయన చెయ్యి పట్టుకుని, ఎండాకాలంతో సహా అన్నీ చెప్పాను.

"అలాగా" అన్నారు, మొదటిసారి విన్నట్టు. నా భుజంమీద తల వాల్చి, "భయంగా ఉందే" అన్నారు.