యెహెజ్కేలు పట్టుకున్న దొంగ

సామర్లకోట చక్కెర ఫ్యాక్టరీలో ఇరవై ఆరేళ్ళుగా ఫిట్టరుగా చేస్తున్న యెహెజ్కేలుకి వారం రోజులుగా అన్నం సయించడం లేదు. కూతురు తబిత ఇంజనీరింగులో మెకానికల్ తీసుకుంటానంటోంది. కంప్యూటర్ సైన్సు దొరికే ర్యాంకు తెచ్చుకున్న పిల్ల అలా అందంటే వెనక ఎవరో ఉండి తీరాలి. ఆ ఎవరో ఎవరా అన్నదే ఆయన బాధ.

రాజ్ కుమారే అని దాదాపు తేల్చేసుకున్నాడు. ఎదురింటి రాజ్ కుమార్ ఏదో ప్రైవేటు కాలేజీలో లెక్చరర్. వేసవి వస్తే పాఠాలు మానేసి సీట్లు నింపే పని మీద ఊళ్ళు తిరుగుతాడు. మెకానికల్ సీట్లు ఖాళీగా పడుంటాయనీ, పిల్లని చేర్పిస్తే ఇంతని ముడుతుందనీ పేటంతా చెప్పుకుంటారు. పైగా మొన్న ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి మెట్ల మీద తబితతో తెగ నవ్వుతూ మాట్లాడాడు. అంత నవ్వు ఊరికే వస్తుందా?

ఆన్‌లైన్లో కాలేజీల ఆప్షన్లు పెట్టడానికి ఆఖరి రోజు రానే వచ్చింది. ఓటీపీ యెహెజ్కేలు ఫోనుకే వస్తుంది. ఆయన ఫోను జేబులో పెట్టుకుని, జేబు మీద చెయ్యేసుకుని కూర్చున్నాడు.

"నాన్నా, ఓటీపీ వచ్చుంటది, చెప్పు. సాయంత్రంతో అయిపోద్ది."

"ముందు ఆ లిస్టు చూపించు."

కళ్ళజోడు పెట్టుకుని రెండుసార్లు చదివాడు. అన్నీ మెకానికలే. రాజ్ కుమార్ కాలేజీ మాత్రం ఎక్కడా లేదు. అనుమానం తీరకపోగా ఇంకాస్త ముదిరింది.

"ఆయన కాలేజీ పెట్టలేదేంటి?"

"ఆయన కంప్యూటర్సే తీసుకోమన్నారు. ఆడపిల్లకి మెకానికల్ ఎందుకమ్మా అని నవ్వారు."

యెహెజ్కేలు కళ్ళజోడు తీసేశాడు. వారం రోజులు కాపు కాసి తప్పు మనిషిని పట్టుకున్నాడు.

"మరి నీకిది ఎక్కించిందెవరే? నా గోళ్ళు చూడు, ఎన్ని సబ్బులు రుద్దినా నలుపు పోదు. ఇందుకేనా నిన్ను చదివించింది?"

ఇంతలో పెరట్లోంచి భార్య కృపారాణి కేకేసింది. "ఏవండీ, నీళ్ళ మోటారు మళ్ళీ గరగరమంటోందండీ!"

తండ్రి కంటే ముందు తబిత లేచింది. డబ్బాలోంచి పొడవాటి స్క్రూడ్రైవర్ తీసి, మొన మోటారుకి ఆనించి, పిడి చెవికి పెట్టుకుని కళ్ళు మూసుకుంది.

"ముందు బేరింగ్ బానే ఉంది నాన్నా. వెనకది పోయింది."

యెహెజ్కేలు స్క్రూడ్రైవర్ లాక్కుని తనూ విన్నాడు. వెనకదే.

"ఇది ఎవరు నేర్పారు?" దొంగ దొరికిపోయాడన్నంత గట్టిగా అడిగాడు.

"నువ్వే. నా చిన్నప్పుడు ఈ మోటారు దగ్గరే ఒళ్ళో కూర్చోబెట్టుకుని దీన్ని నా చెవికి పెట్టేవాడివి. లోపల ఏమంటోందో చెప్పమనేవాడివి. అమ్మతో మాత్రం చెప్పొద్దనేవాడివి."

కృపారాణి మొగుడి వంక చూసింది. ఆయన చూపు తిప్పుకున్నాడు. అన్నీ గుర్తొచ్చాయి. "ఏడుస్తోంది నాన్నా" అందా పిల్ల ఓసారి, అప్పటికి సరిగ్గా పలకడం కూడా రాదు. ఆ మర్నాడే గ్రీజు పెట్టాడు. ఇప్పుడు సిగ్గేసింది. ఆ వెనకే ఎవరికీ చెప్పుకోలేనంత గర్వమూ వచ్చింది.

జేబులోంచి ఫోను తీశాడు. ఓటీపీకి గడువు దాటిపోయింది.

"మళ్ళీ పంపించమను," అన్నాడు.

వచ్చాక ఒక్కో అంకే చదివాడు. తబిత సరిగ్గా కొట్టిందో లేదోనని అనుమానం వచ్చి, మళ్ళీ మొదటి నుంచి చదివాడు.