రెండోది అడగలేదు మేడం

పప్పుకు తిరగమోత వేస్తుంటే సురేంద్ర వంటింట్లోకి వచ్చి గట్టు మీద కాగితాలు పెట్టాడు. "ఇవి పుస్తకాల భాష మాదిరి ఉండాయి. మన పక్క ఆడోళ్ళు మాట్లాడే మాదిరి మార్చియ్యి. నీకైతే ఐదు నిమిషాల పని" అన్నాడు. ఈ ఇంట్లో నాకు చెప్పే పనులన్నీ ఐదు నిమిషాలవే. పొద్దున ఐదింటికి లేస్తే రాత్రి దాకా అవి తెమలవు.

సురేంద్ర నా భర్త. హిందూపురంలో కన్సల్టెన్సీ నడుపుతాడు. విదేశాలకు బట్టలు కుట్టే ఫ్యాక్టరీలకు, కార్మికుల బాగోగుల తనిఖీలో ఎలా గట్టెక్కాలో సలహాలు ఇస్తాడు. ఆ తనిఖీలు చేసే ఆడిటర్ని నేను, బెంగళూరు సంస్థ తరఫున. సలహా ఇచ్చిన చోటికి తనిఖీకి పోనని, ఇంట్లోవాళ్ళు ఇచ్చినా పోనని ఉద్యోగంలో చేరిన రోజే సంతకం పెట్టాను. ఆ మాట అంటే నవ్వాడు. "నువ్వు పోయే ఫ్యాక్టరీలకు కాదులే. అయినా ఇంట్లో పెండ్లాన్ని ఒక మాట అడిగితే అది కన్సల్టింగా?" హాల్లోంచి మా అత్తగారు అందుకున్నారు. "మొగునికి నాలుగు ముక్కలు రాసియ్యడానికి గూడా రూల్సా? ఉద్యోగానికి పంపిస్తాండాము కదా, ఇంకేం కావల్ల?"

రాసిచ్చాను. తనిఖీలో అడిగే పన్నెండు ప్రశ్నలకు, కార్మికులు చెప్పాల్సిన పన్నెండు జవాబులు. నిజం చెప్పొద్దూ, రాస్తున్నంతసేపూ సరదాగానే ఉంది. ఎక్కడ 'మేడం' అనాలో, ఎక్కడ కొంచెం నవ్వాలో కూడా పక్కన గుర్తులు పెట్టాను. "అబ్బా, నిజంగా మాట్లాడినట్లే ఉండాది" అన్నాడు సురేంద్ర. నన్ను మెచ్చుకుని ఎన్నాళ్ళయిందో, ఆ మాటకే కడుపు నిండిపోయింది. అంత చవగ్గా దొరికిపోతాను నేను.

మూడు వారాల తర్వాత, పెనుకొండ రోడ్డులో ఉన్న ఓ ఫ్యాక్టరీ నా వంతుకు వచ్చింది. తనిఖీలో ఆరుగురు ఆడవాళ్ళను ఒక్కొక్కరినే స్టోర్ రూములో కూర్చోబెట్టి మాట్లాడాలి. నాలుగో మనిషి యమున. పరిగి నుంచి కంపెనీ వ్యానులో వస్తుంది. పని గంటల గురించి మొదటి ప్రశ్న అడిగాను, తడుముకోకుండా చెప్పింది. ఆమె చూపుడు వేలికి గుడ్డ చుట్టి ఉండడం చూసి, గాయమైతే ఏం చేస్తారని అడిగాను.

"మేము ఎప్పుడు కావాలంటే అప్పుడు బాత్రూముకు పోతాం మేడం. ఎవురూ అడ్డం చెప్పరు" అని కొంచెం నవ్వింది.

తడబడిందనుకున్నాను. ఆమె మాత్రం పొరపాటు నాదే అన్నట్టు ముందుకు వంగి, జాలిగా చెప్పింది. "రెండోది అడగలేదు మేడం. మీరు మూడోది ముందు అడిగేసినారు."

అన్నాక గానీ ఏమన్నదో ఆమెకే తెలియలేదు. గుడ్డ చుట్టిన చేత్తోనే నోరు మూసుకుంది. "నేను చెప్పినానని రాయొద్దండి మేడం. మూడు దినాలు బట్టీ పట్టించినారు. సురేంద్ర సారు శానా మంచోడు, తప్పు చెప్పినా కోప్పడడు. ఎవురో మేడం రాసిచ్చినారంట, అచ్చం మా మాదిరే రాసినారు."

"మరి బాత్రూముకు నిజంగా పోనిస్తారా?"

"నీళ్ళు తాగితే కదా మేడం పోవాల్సింది. మేము తాగం."

'ఎవురూ అడ్డం చెప్పరు' అనే వాక్యం నాకు అంత సహజంగా ఎలా కుదిరిందో అప్పుడు తెలిసింది. ధర్మవరం నుంచి అమ్మ ఫోన్ చేసి "బాగుండావా?" అన్నప్పుడల్లా, పక్కన సురేంద్ర ఉన్నా లేకపోయినా, పదకొండేళ్ళుగా నేను చెప్పేది అదే. నాకేమ్మా, ఎవురూ అడ్డం చెప్పరు. నా బట్టీ జవాబునే ఈ ఆడవాళ్ళ నోట్లో పెట్టాను. సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

బయటికొచ్చి సురేంద్రకు ఫోన్ చేశాను. "ఈ ఫ్యాక్టరీ తనిఖీ నాదని మీకు తెలీదా?"

"తెలిసే ఒప్పుకున్నా. మనింటి మనిషే వస్తాదని చెప్పినా."

"నేను ఉన్నదున్నట్టు రాస్తే?"

"రాయి. ఎవురో ఒకామె నోరు జారిందనుకుంటారు. ఆ పాపం నీదే. సంతకం పెట్టేసి రా. వచ్చేటప్పుడు అమ్మకు బీపీ మాత్రలు తీసుకురా" అని పెట్టేశాడు.

ఆయన అన్నది నిజమే. పోయిన ఏడాది ఇంకో ఫ్యాక్టరీలో 'ఓవర్‌టైం బలవంతంగా చేయిస్తున్నారని ఒక కార్మికురాలు చెప్పింది' అని రాశాను. పేరు రాయలేదు. నాతో మాట్లాడింది ఐదుగురే. మళ్ళీ పోయేసరికి ఆ ఐదుగురిలో ఒక్కరూ పనిలో లేరు. రాస్తే యమున పని పోతుంది. రాయకపోతే యమున దాహంతో కుడుతూనే ఉంటుంది. తప్పుకుంటానంటే ఇంకో ఆడిటర్ వస్తాడు, నా జవాబులే విని మెచ్చుకుని పోతాడు. ఎటు తిరిగినా నా చేతిరాతే అడ్డం. మిగతా ఇద్దరితో మాట్లాడుతున్నా ఏం విన్నానో గుర్తులేదు.

సాయంత్రం మేనేజర్ గోవిందరాజులు గదిలో చివరి సమావేశం. బిస్కెట్లు, కాఫీ పెట్టించాడు. "సారు చెప్పినారు మేడం, మీరు మనోళ్ళేనని" అని చనువుగా నవ్వాడు. లోపాలు ఉంటే చదివి వినిపించి, నేను సంతకం పెట్టి మేనేజర్ సంతకం తీసుకోవాలి. ఈ సంతకంతో నా ఉద్యోగం ఉండదు. ఇంట్లో ఏం మిగులుతుందో ఊహించడానికి కూడా భయమేసింది. మొదటి వాక్యం చదివాను.

"కార్మికులకు జవాబులు ముందే రాసిచ్చి బట్టీ పట్టించారు."

గోవిందరాజులు నవ్వు ఆగిపోయింది. అద్దం అవతల కుట్టుమిషన్ల వరసల మీదికి చూపు తిప్పాడు. "ఎవురు మేడం? ఆ ఆరుగురిలో ఎవురు చెప్పినారు?"

రెండో వాక్యం చదివాను.

"ఇది ఏ కార్మికురాలూ చెప్పలేదు. ఆ జవాబులు రాసింది నేనే."