బుల్లిరాజు గారి వేట సంచి

కొవ్వూరు బస్టాండు ఎదుటి సందులో రాజరత్నం కుట్టిన సంచికి ఒకప్పుడు తిరుగులేదు. అదంతా జయపాల్ మాస్టారికి కుట్టిచ్చిన సంచి తెగకముందు మాట. నడిబజార్లో భుజం పట్టీ పుటుక్కుమంది, ఏడో తరగతి పరీక్ష పేపర్లన్నీ గాలికెగిరి వీధులన్నీ తిరిగొచ్చాయి. మాస్టారు మరిచిపోయారు గానీ, ఊరు మరిచిపోతుందా? ఆ రోజు నుంచి అతని పేరు ‘పుటుక్కు రత్నం’ అయి కూర్చుంది. పాస్టరు గారు కూడా ఓ ఆదివారం నోరు జారి, ఆనక నాలిక కరుచుకున్నారు. పైకి నవ్వేసేవాడు గానీ రాజరత్నానికి లోపల చివుక్కుమనేది. ఆ పేరు పోవాలంటే ఊరంతా గొప్పగా చెప్పుకునే సంచి ఒకటి కుట్టి తీరాలి.

సరిగ్గా అప్పుడే, తొంభై ఆరు చలికాలంలో, బుల్లిరాజు గారు వచ్చారు. మనిషి భారీ, ఆయన కోసే కోతలు ఇంకా భారీ. రాజమండ్రిలో కొన్న జిప్పు సంచి సగం కొండ ఎక్కేసరికే చిరిగిందట.

“వీపుకి తగిలించుకునేది కావాలోయ్ రత్నం. వేటకి. వచ్చే వారం రంపచోడవరం కొండల మీదకి వెళ్తున్నాం. పాతిక కేజీలు మొయ్యాలి, చిరగకూడదు.”

“మీరు నిశ్చింతగా ఉండండాయ్. ఏనుగునెక్కించినా చిరగదండి.”

గోదావరి గట్టున పుట్టినవాడికి వేట అంటే ఏం గుర్తొస్తుంది? ఆదివారం కూరకి తెచ్చే మేకమాంసం. రాజుగారు కొండమీద అమ్మవారికి మొక్కు తీర్చి విందు పెడుతున్నారనుకున్నాడు మన రత్నం. రక్తం కారకుండా లోపల టార్పాలిన్ వేశాడు. మాంసాన్ని కొమ్మకి వేలాడదీస్తారని, కేన్వాసు పట్టీని నాలుగు మడతలు పెట్టి పైన గుండ్రంగా బిగించాడు. నైలాను దారంతో వరస మీద వరస కుట్టి, వేళ్లు బొబ్బలెక్కించుకున్నాడు.

రాజుగారు సంచి పట్టుకెళ్లాక భార్య సువార్తమ్మతో అన్నాడు. “ముక్కలు కొట్టిన వేట మొత్తం పట్టుద్దే అందులో.”

ఆవిడ పొట్ట పట్టుకుని నవ్వింది. “ఓరి దేవుడోయ్! ఆయన వెళ్లింది తుపాకీ పుచ్చుకుని అడవిపందుల వేటకండీ! తూటాలకీ టార్చిలైటుకీ ఒక్క జేబైనా కుట్టారా?”

ఒక్కటీ కుట్టలేదు. నాలుగు రోజులు రాజరత్నానికి మెతుకు సహించలేదు. ఉన్న పేరుకి తోడు ఊళ్లోవాళ్లు ఇంకేం తగిలిస్తారోనని హడలిపోయాడు.

అయిదో రోజు మిట్టమధ్యాహ్నం రాజుగారు కుంటుకుంటూ వచ్చారు. లోపల ఇంకెవరూ లేరని చూసుకుని, తలుపు దగ్గరగా వేసి, సంచిని బల్లమీద పెట్టారు.

“తప్పైపోయిందండి రాజుగారూ. జేబులు…”

“జేబులు తగలెయ్యి! పైన ఆ పట్టీ ఎందుకు కుట్టావు?”

“మాంసం వేలాడదీస్తారనండి…”

“వేలాడింది నేను!” అని, గొంతు తగ్గించి అసలు సంగతి చెప్పారు. పంది ఎదురొచ్చింది. తుపాకీ వదిలేసి వెనక్కి వెనక్కి నడిచి, కొండ అంచు మీంచి జారారు. ఆ పట్టీ ఓ కొమ్మకి తగులుకుంది. కింద లోయ, పైన పంది, మధ్యలో రాజుగారు. గంటన్నర తర్వాత పందికి విసుగెత్తి వెళ్లిపోతే, వెంట వెళ్లిన ఇద్దరూ పైకి లాగారు.

రాజరత్నం కుట్లు తడిమి చూశాడు. ఒక్క పోగు కదల్లేదు. సంతోషంతో కళ్లలో నీళ్లు తిరిగాయి. బస్టాండు నడిమధ్యన నిలబడి అరిచి చెప్పాలనిపించింది.

“నీకు దండం పెడతానోయ్, ఎవరికీ చెప్పకు. వాళ్లిద్దరిచేతా ఒట్టు వేయించుకున్నాను. తెలిస్తే ఊళ్లో తలెత్తుకోలేను.”

రాజరత్నం నీరుగారిపోయాడు. దేవుడు ఇంత సాక్ష్యం చూపించి నోరు కట్టేయడమేంటి! కానీ చేతులు పట్టుకుని బతిమాలుతున్న పెద్దమనిషిని చూస్తే జాలేసింది. ఊరు నవ్వితే ఎలా ఉంటుందో అతనికి తెలియనిదా?

“మీరు పందిని కొట్టి, ఈ సంచితో గంటన్నర చెట్టుకి వేలాడదీశారని చెప్తానండి. నా కుట్టు పేరూ నిలబడుద్ది, మీ తుపాకీ పేరూ నిలబడుద్ది.”

రాజుగారి మొహం మతాబులా వెలిగింది. “భేషోయ్! అలాగే చెప్పు.”

“బరువెంతని చెప్పమంటారండి? అక్కడ మాత్రం అబద్ధం ఆడలేనండి. కుట్టు పరువు.”

రాజుగారు తన పొట్టవైపు చూసుకున్నారు.

“తొంభై రెండు కేజీలు” అన్నారు. “మొన్నే డాక్టరు గారి దగ్గర బరువు చూపించుకున్నాను.”