విరిగిన నీలం

నా బొమ్మలు అందంగా రావడం మొదలుపెట్టిన రోజే నాకు అనుమానం వచ్చింది.

అందులో అనుమానించాల్సింది ఏముందంటారా? నేను ఏటిని ఏటి నీళ్ళతోనే గీస్తాను. ఒకే నీలం రంగు, ఒకే రకం కాగితం. మారేది నీళ్ళొక్కటే. కొండ దిగువన పట్టిన నీళ్ళు ఒక సీసాలో, పడవల రేవు దగ్గరివి ఒక సీసాలో, అద్దకాల ఫ్యాక్టరీ కాలువ వచ్చి ఏట్లో కలిసే చోటివి ఇంకో సీసాలో ఉంటాయి. కొండ నీళ్ళతో పూస్తే నీలం ఉతికి ఆరేసిన గుడ్డలా చక్కగా పరుచుకుంటుంది. కాలువ నీళ్ళతో పూస్తే పాలు విరిగినట్టు విరిగిపోతుంది. రంగు రేణువులుగా విడిపోయి, బూడిదకు తిరిగి, అంచుల్లో గార కడుతుంది. అందులో నా గొప్పేమీ లేదు. ఏరు తన బొమ్మ తానే గీసుకుంటుంది, నేను కుంచె పట్టుకుంటానంతే. చూడ్డానికి మాత్రం ఆ కాలువ నీళ్ళు తేటగానే ఉంటాయి, వాసన కూడా పెద్దగా రాదు. ఫ్యాక్టరీ వాళ్ళకు అదే దన్ను.

ఆ ఫ్యాక్టరీ ఇప్పుడు రెండో యూనిట్ కడతానంటోంది. దాని మీద ప్రజాభిప్రాయ సేకరణ పెట్టారు. ఏటి రక్షణ సంఘం తరఫున వాదించే లాయరమ్మ నా బొమ్మల్ని హాల్లో వరసగా నిలబెట్టాలనీ, అందరి ముందూ నేనొక బొమ్మ వేసి చూపించాలనీ ఏర్పాటు చేసింది. "రిపోర్టులు ఎవరూ చదవరమ్మా. బొమ్మయితే చూస్తారు," అంది.

సరిగ్గా అప్పుడే నా నీలం విరగడం మానేసింది. కాలువ సీసాలో కుంచె ముంచి పూస్తే కొండ నీళ్ళతో పూసినంత నున్నగా వచ్చింది. కాగితం మార్చాను. కుంచెలు కడిగాను. మళ్ళీ వెళ్ళి తాజాగా నీళ్ళు పట్టుకొచ్చాను. ఆరోజు విరిగింది. మర్నాటికి మళ్ళీ నున్నగా వచ్చింది. అంటే నీళ్ళు ఏట్లో మారడం లేదు, మా ఇంట్లో మారుతున్నాయి.

మా ఇంట్లో ఉండేది ముగ్గురం. నేను, మా అత్తగారు, మా ఆయన. మా ఆయన ఆ ఫ్యాక్టరీ ల్యాబులోనే కెమిస్టు. మా పెళ్ళి నాటికి సబ్బుల కంపెనీలో ఉండేవాడు, ఆ తరవాత ఇందులోకి మారాడు. నీళ్ళ గురించి నేను నోరెత్తితే చాలు, "పరిమితిలోనే ఉన్నాయి" అని ఒక్క ముక్క అని పేపరు అడ్డం పెట్టుకుంటాడు. ఆ మాట వింటే నాకు ఒళ్ళు మండుతుంది.

అయినా ముందు అత్తగారినే అడిగాను.

"అత్తయ్యా, నా సీసాలేమైనా కదిపారా?"

"నీ మురుగునీళ్ళ జోలికి నేనెందుకొస్తానే తల్లీ? వాటిని చూస్తేనే చేతులు కడుక్కోవాలనిపిస్తుంది నాకు."

"పోనీ, అడ్డంగా ఉన్నాయని ఒంపేశారేమో అని."

"ఒంపితే ఒంపానని నీ మొహానే చెప్తాను. నువ్వంటే నాకు భయమా?" అని, కూరగాయల కత్తి పక్కన పెట్టి నావైపు చూసింది. "నన్నడిగావు సరే. వాణ్ణడిగావా?"

అడగలేదు. అడిగితే ఏం చెప్తాడో, చెప్పింది నేను నమ్ముతానో లేదో నాకే తెలియదు.

ఆ వారంలోనే లాయరమ్మ బొమ్మలు చూడ్డానికి వచ్చింది. నున్నగా వచ్చిన రెండు బొమ్మల ముందు ఆగిపోయింది.

"ఇవి కూడా కాలువ నీళ్ళతోనే వేశారా?"

"అవును. ఏదో తేడా జరుగుతోంది, చూస్తున్నాను."

"మీవారు అక్కడేగా పనిచేసేది?"

"అవును."

"ఏం లేదమ్మా, ఊరికే అడిగాను."

ఊరికే అడిగే మనిషి కాదు లాయరమ్మ. ఆమె వెళ్ళాక నాకు ఏడుపొచ్చింది. ఎండనక వాననక ఆ ఏటి వెంట తిరిగిన నన్ను కంపెనీ మనిషిననుకుంటోంది. తప్పు ఆమెది కాదు. విరగని నీలం పట్టుకెళ్ళి ఆ హాల్లో నిలబడితే రెండో యూనిట్‌కి నేనే కొబ్బరికాయ కొట్టినట్టవుతుంది.

ఇక మా ఆయన మీద కన్నేశాను. కన్నేస్తే అన్నీ తేడాగానే కనిపించాయి. ఎన్నడూ లేనిది మధ్యాహ్నం భోజనానికి ఇంటికి రావడం మొదలుపెట్టాడు. "ఇవాళేం గీశావు?" అని అడుగుతున్నాడు. నేను కుంచె పట్టుకుంటే చాలు, పేపరు చాటునుంచి చూస్తున్నాడు. చూసేది బొమ్మ వైపు కాదు, నా మొహం వైపు. పెళ్ళయిన కొత్తల్లో కూడా నన్ను అంత శ్రద్ధగా చూసిన పాపాన పోలేదు.

ఒకరోజు ఫ్రేముల షాపుకి వెళ్తున్నానని గట్టిగా చెప్పి, సంచీ తీసుకుని ముందు గుమ్మంలోంచి వెళ్ళి, పెరటి గుమ్మంలోంచి వచ్చి వంటింట్లో కూర్చున్నాను. అత్తగారు కూడా వచ్చి పక్కన పీట వేసుకుంది.

"మన వంటింట్లో మనమే దొంగల్లా ఏమిటే ఇది?" అంది గుసగుసగా. అంటూనే తలుపు ఇంకాస్త దగ్గరికి వేసింది.

మా ఆయన వచ్చాడు. చెప్పులు విప్పి, తిన్నగా నా గదిలోకి వెళ్ళాడు. మూత తీసిన చప్పుడు, తరవాత అక్కడి సింకులో నీళ్ళు ఒంపిన చప్పుడు వినిపించాయి. నేను వెళ్ళేసరికి కాలువ సీసా ఖాళీ అయింది. చేతిలో ఉన్న మంచినీళ్ళ బాటిల్ అందులోకి వంచుతున్నాడు.

"ఏం చేస్తున్నారు?"

పట్టుబడ్డవాడు తడబడాలి కదా. ఆయన సీసా నింపి, మూత బిగించి, తడి తుడిచి, ఉన్నచోటే పెట్టాడు.

"మంచినీళ్ళు పోశాను."

"కంపెనీ వాళ్ళు పొయ్యమన్నారా?"

"వాళ్ళకి తెలీదు."

"మరెందుకు?"

"నువ్వు కుంచె నోట్లో పెట్టుకుంటావు."

పెట్టుకుంటాను. మొన తీయడానికి కుంచెను పెదాల మధ్య పెట్టి లాగడం చిన్నప్పటి నుంచీ నాకున్న అలవాటు. ఎప్పుడు పెట్టుకుంటానో నాకే తెలియదు.

"పెట్టుకుంటే ఏం? పరిమితిలోనే ఉన్నాయిగా నీళ్ళు?"

ఆయన చేతి గడియారం చూసుకున్నాడు. వెనకనుంచి అత్తగారు, "అడుగుతోంది కదరా, చెప్పు," అంది.

"లేటవుతోంది నాకు," అని అన్నం కూడా తినకుండా వెళ్ళిపోయాడు.

"చూశావా, నీకోసమే చేశాడు," అంది అత్తగారు. నమ్మాలనే ఉంది నాకు. కానీ అంత ప్రేమున్నవాడు కుంచె నోట్లో పెట్టుకోవద్దని ఒక్క మాట చెప్పచ్చు కదా. చెప్తే ఎందుకని అడుగుతాను. ఎందుకో చెప్తే ఉద్యోగం పోతుంది. అందుకే నా నోరూ తన నౌకరీ రెండూ దక్కేలా దొంగచాటుగా నీళ్ళు మార్చాడా? లేక నా బొమ్మలు చెడగొట్టడానికే మార్చి, పట్టుబడ్డాక నోటికొచ్చిన కథ చెప్పాడా? ఆ అనుమానంతో ఆయన పక్కన కూర్చుని తింటే ముద్ద దిగేది కాదు.

ప్రజాభిప్రాయ సేకరణ రోజు రానే వచ్చింది. మా ఆయన కంపెనీ వాళ్ళ వరసలో, ఒళ్ళో ఫైలు పెట్టుకుని కూర్చున్నాడు. నా సీసాల మీద నమ్మకం పోయిన లాయరమ్మ, తనే స్వయంగా ఏటికి వెళ్ళి నీళ్ళు పట్టుకొచ్చింది. నేను కాగితం మీద ఒకపక్క కొండ నీళ్ళతో, ఇంకోపక్క కాలువ నీళ్ళతో నీలం పూశాను. అందరూ చూస్తుండగానే కాలువ పక్క రంగు విరిగి, బూడిదకు తిరిగింది. వెనక వరసల్లో గుసగుసలు బయల్దేరాయి.

ఫ్యాక్టరీ మేనేజరు నవ్వుతూ లేచాడు. "రంగు విరిగితే మనిషికి ఏమవుతుందండీ? ఇది బొమ్మలపోటీ కాదు కదా. నీళ్ళు పరిమితిలోనే ఉన్నాయని మా కెమిస్టుగారి రిపోర్టు ఉంది. వారు ఈ అమ్మగారి భర్తే మరి." హాలంతా నవ్వింది. లాయరమ్మ నావైపు చూడలేదు.

నేను మా ఆయన వైపు చూశాను. ఆయన తలొంచుకుని ఉన్నాడు. కాలువ నీళ్ళలో కుంచె బాగా ముంచాను. మొన తీసేదానిలా పెదాల దగ్గరికి తెచ్చాను. ఇప్పుడిది అలవాటు కాదు, కావాలనే చేశాను. తల ఎత్తుతాడో లేదో చూడాలనుకున్నాను.

"నోట్లో పెట్టుకోకు."

ఇంట్లో మాట్లాడినట్టే అన్నాడు. అరవలేదు. కానీ లేచి నిలబడ్డాడు, ఒళ్ళోని ఫైలు జారి కాగితాలన్నీ నేలమీద పడ్డాయి. నవ్వులు ఆగిపోయాయి.

బల్ల వెనక ఉన్న అధికారి కళ్ళజోడు తీశాడు. "ఎందుకు పెట్టుకోకూడదండీ?"

మేనేజరు ఆయన చొక్కా పట్టుకుని లాగుతూ, "కూర్చోవయ్యా," అన్నాడు. మా ఆయన కూర్చోలేదు.

"ఆ రిపోర్టు రాసింది నేనేనండి," అన్నాడు. "అందుకే చెప్తున్నాను. అందులో రాయనివి ఉన్నాయి."

ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టాడు. లాయరమ్మ గబగబా రాసుకుంటోంది. గెలిచానని నాకు తెలుస్తూనే ఉంది. కానీ సంతోషం కంటే ముందు భయం వేసింది. ఇంక చాలు, కూర్చోండి అని ఆయన చెయ్యి పట్టుకుని లాగాలనిపించింది. లాగలేదు.