గడ్డి కప్పని మడులు

ఆ ఇంట్లో చలికాలం వేణ్ణీళ్లకు ఒక వరస ఉండేది. తెల్లారకముందే పెరట్లో కాగు కింద మంట పెట్టేది ప్రమోదిని. మొదటి బకెట్టు అత్తగారు రుక్మాబాయికి, రెండోది భర్త రామకిషన్‌రావుకు, తరవాతివి బడికి పోయే పిల్లలిద్దరికీ. ఆ డిసెంబరులో మొదటి కాన్పుకు పుట్టింటికి వచ్చిన ఆడబిడ్డ నర్మదకూ, ఆమె పసిగుడ్డుకూ మరో రెండు బకెట్లు పెరిగాయి. ప్రమోదిని వంతు వచ్చేసరికి మంటా ఉండేది కాదు, నీళ్లలో వేడీ ఉండేది కాదు. ఎవరూ కావాలని చేసింది కాదు లెండి. అడగందే అమ్మైనా పెట్టదంటారు, ఇక అత్త దాకా ఎందుకు? పైగా రుక్మాబాయి చుట్టాల ముందు గొప్పగా చెప్పుకునేది, "మా కోడలికి సలి పెట్టది, మొండి పాణం," అని. తొమ్మిదేళ్లుగా ఆ మెచ్చుకోలు వినీ వినీ, తనకు నిజంగానే చలి పెట్టదేమోనని ప్రమోదిని కూడా నమ్మడం మొదలుపెట్టింది.

ఆమె ఉద్యోగమూ చలితోనే. పెద్దపల్లి అవతల సర్కారు వరి పరిశోధన పొలంలో అసిస్టెంటు. యాసంగి పంటకు నారు పోసే రోజుల్లోనే ఆ వైపు చలి ముదురుతుంది. రాత్రి చలికి నారు పసుపుపచ్చగా పాలిపోయి చచ్చిపోతుంది. అందుకే రైతులు పొద్దుగూకగానే నారుమడి మీద వరిగడ్డి కప్పి, ఎండెక్కాక తీస్తారు. అయినా చాలామందికి రెండోసారి పోసుకోక తప్పదు. కొండప్రాంతాల వరికి ఈ బాధ లేదు, కానీ ఆ బియ్యం ఇక్కడి నోళ్లకు ఎక్కవు. ప్రమోదిని ఊరి వరికీ ఆ కొండవరికీ పెళ్లి చేసింది. ఒక్కో పువ్వు కొస కత్తిరించి, చిన్న పట్టకారుతో ఆరు కేసరాలూ తీసేసి, రెండో వరి పుప్పొడి రాల్చి, కాగితం సంచి తొడిగింది. అట్లా పుట్టిన మొక్కలన్నీ చలిలో పచ్చగానే నిలబడ్డాయి. ఇక వాటి పిల్లల సంగతి తేలాలి. నాలుగింట మూడు పచ్చగా నిలిచి, ఒకటి పాలిపోతే, చలికి ఓర్చే గుణం ముఖ్యంగా ఒక్క జన్యువు చేతిలో ఉన్నట్టు. అప్పుడు దాన్ని ఇక్కడి సన్నవడ్లలోకి తేవడం మనిషి తరమయ్యే పని. నిరుడు చలి సరిగ్గా పడక లెక్క తేలలేదు. ఈ ఏడాది మూడు మడుల్లో ఆరువందల పన్నెండు మొలకలు చలి కోసం కాచుకుని ఉన్నాయి. "ఈసారి గూడ తేలకపోతే ఆ మళ్లల్ల మక్కజొన్న ఏసుకుందమమ్మా," అని ఆఫీసరు చొక్కారావు ముందే చెప్పేశాడు.

నర్మద ప్రసవమైన మర్నాడే ఆ చొక్కారావు పిలిచి, "మీ సెలవు మంజూరు చేసిన," అన్నాడు. ఏ సెలవో ఆమెకు అర్థం కాలేదు. ఆయన బల్ల మీది కాగితం తిప్పి చూపించాడు. ఆడబిడ్డ పురుడు ఉన్నందున ఇరవై రోజులు సెలవు కోరుతున్నానని రామకిషన్‌రావు గుండ్రటి దస్తూరీలో ఉంది. కింద ఆమె సంతకం కూడా ఆయనే పెట్టాడు, ఆమె కన్నా అందంగా.

"మీ సారు స్వయంగ వచ్చి ఇచ్చిపోయిండు. నేను కాదంటె ఏం బాగుంటది," అన్నాడు చొక్కారావు.

ఇంటికి వచ్చి అడిగితే రామకిషన్‌రావు నిజంగానే ఆశ్చర్యపోయాడు. ఊళ్లో హైస్కూల్లో లెక్కల సారు ఆయన. తిట్టడు, కొట్టడు, జీతమంతా తెచ్చి ఇంట్లో ఇస్తాడు. ఇంతకన్నా మంచి మొగుడు ఎట్లా ఉంటాడో ఆయనకు తెలియదు. "రాసే తిప్పలు నీకెందుకని నేనే రాసిచ్చిన. నీది గడ్డిపోచలు లెక్కవెట్టే కొలువు, జర ఆగుతది. నేను బడికి పోకుంటె పిల్లల సదువు ఏం గావాలె?" అన్నాడు. అత్తగారు అందుకుంది, "సర్కారు పొలం యాడికి పోతది? బాలింతను ఇడిసిపెట్టి ఎవలన్న పోతరా?" మెత్తనివాణ్ణి చూస్తే మొత్తబుద్ధి. ప్రమోదిని కుంకుడుకాయలు కొట్టుకుంటూ కూర్చుంది.

ఆ తరవాత ఎనిమిది రోజులు బాలింత స్నానాలు, కారప్పొడి, సాంబ్రాణి పొగ, ఉతికినకొద్దీ పుట్టుకొచ్చే గుడ్డపేలికలు. సరిగ్గా ఆ రోజుల్లోనే చలి విరుచుకుపడింది. ఆమె గుబులంతా సాంబయ్య గురించి. పొలంలో మేస్త్రీ ఆయన. నమ్మకస్తుడు, అదే భయం. చలి ముదిరితే పొలంలోని నారుమళ్లన్నిటికీ గడ్డి కప్పించడం ఆయన డ్యూటీ, ఎవరు చెప్పినా ఒక్క మడి కూడా వదలడు. గడ్డి కప్పితే అన్ని మొలకలూ పచ్చగానే ఉంటాయి, ఓర్చేది ఏదో ఓర్వనిది ఏదో బ్రహ్మదేవుడు కూడా చెప్పలేడు. బట్టలు పిండుతూ ఆమె ఒక సంగతి మళ్లీ మళ్లీ తలచుకునేది. కొండవరిని ఒక ఏడాది కొంచెం గడ్డి కింద, కొంచెం బయట పెంచి చూసింది. బయటిదీ బతికింది, పచ్చగానే ఉంది, ఎవరైనా శభాష్ అంటారు. కానీ గడ్డి కింద వెచ్చగా ఉన్నది దానికి రెట్టింపు ఎత్తు లేచింది. ఓర్చుకోవడమంటే చలి పెట్టకపోవడం కాదు. పెడుతూనే ఉంటుంది, ఎదగాల్సిన బలమంతా తట్టుకోవడానికే ఖర్చయిపోతుంది, చూసేవాళ్లకు పచ్చదనం ఒక్కటే కనపడుతుంది. ఆ సంగతి తన నోట్‌బుక్కులో తన చేత్తోనే రాసుకుంది, కానీ అది తన సంగతి కూడా అని తెలియడానికి ఇన్నాళ్లు పట్టింది. ఆమెకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. ఆ కోపం ఒంటికి బాగానే అనిపించింది.

తొమ్మిదోనాడు, బాలింత స్నానం అయిందో లేదో, "పొలం దాక పోయొస్త అత్తమ్మా," అని ఒక్క మాట చెప్పి బస్సెక్కింది. గేటు దగ్గర దిగి చూస్తే, ఇంకా ఎండెక్కక, కనుచూపు మేర నారుమళ్లన్నీ గడ్డి కప్పుకుని ఉన్నాయి. నాలుగేళ్ల పని మట్టిలో కలిసిందనుకుంటూ ఒడ్ల మీద నడిచింది.

చివరికి వెళ్లేసరికి మూడు మడులు బోసిగా కనిపించాయి. పక్కనే గొంగడి కప్పుకుని ముసలి కూలిమనిషి శంకరవ్వ చిన్న పారతో ఒడ్డు చెక్కుతోంది.

"ఇటు గడ్డి కప్పలేదా శంకరవ్వా?"

"కప్పకేం? సాంబయ్య కప్పిండు. నారు పోసిననాడు నువ్వు వద్దన్నవు గదాని నేను తీసిన. మర్నాడు మళ్ల కప్పిండు, మళ్ల తీసిన. గాయిన నౌకరి గాయినది, తప్పువట్టలేం. ఇగ జూసి జూసి, రోజు పొద్దుగూకంగ ఆయిన ఇంటికి పొయ్యేదాక గీ ఒడ్డు మీదనే కూసున్న. ఆడిదాన్ని దాటుకోని ఏం కప్పుతడు?" శంకరవ్వ గొంగడి సర్దుకుంది. "ఒక్కటి జెప్పమ్మా. పసిపోరల లెక్కున్నయి. గింత సలిల ఇడిసిపెట్ట, ఇయ్యేం పాపం జేసినయి?"

"వీటి పిల్లలకు మళ్ల ఎవలు గడ్డి కప్పే పని లేకుంట జేద్దామని, అవ్వా."

"గట్లయితె మంచిదే," అంది శంకరవ్వ.

ఇద్దరూ కూర్చుని లెక్కపెట్టారు. మడి అంచుల్లో పోసిన ఊరి వరి నిలువునా పాలిపోయింది, కొండవరి పచ్చగా ఉంది. అంటే చలి మడులను వదలలేదు. మధ్యలోని పిల్లల్లో ప్రమోదిని పచ్చవాటిని ఎంచితే, శంకరవ్వ పాలిపోయిన ఒక్కోదానికి ఒక మక్కగింజ కొంగులో వేసుకుంది. నాలుగువందల యాభై ఏడు పచ్చనివి, నూట యాభై అయిదు పాలిపోయినవి. నాలుగింట మూడు. ప్రమోదిని రెండోసారి భాగించి చూసింది, మూడోసారి శంకరవ్వకు పైకి చెబుతూ భాగించింది. గుండెల మీది రాయి ఎవరో ఎత్తి పక్కన పెట్టినట్టయింది. ఆ ఒడ్డు మీదే కాళ్లు చాపుకుని, శంకరవ్వ ఇచ్చిన సజ్జరొట్టె సగం తిని, ఎన్నాళ్లకో కడుపారా నవ్వింది. నోట్‌బుక్కులో లెక్క కింద తన పేరు రాసి, పక్కన శంకరవ్వ పేరు కూడా రాసింది.

కానీ పని అయిపోలేదు. ఎండ కాసే ఈ పది పన్నెండు రోజులూ రోజూ చూడాలి, పాలిపోయినవాటిలో ఏది చచ్చింది, ఏది తేరుకుంది అని. అప్పుడుగానీ లెక్కకు ముద్ర పడదు. ఆమె నేరుగా చొక్కారావు గదికి వెళ్లి, ఇవాళ్టి నుంచి డ్యూటీలో ఉన్నానని రాసిచ్చింది. ఆయన అంకెలు చూసి కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చూశాడు. "మరి ఇంటికాడ బాలింత?" అన్నాడు.

"ఆమెకు అన్న ఉన్నడు సార్."

అక్కడే ఇంకో తెల్లకాగితం అడిగి తీసుకుని ఓపిగ్గా రాసింది. సాయంత్రం బస్సు దిగి ఇంటికి పోకుండా హైస్కూలుకు వెళ్లింది. హెడ్‌మాస్టరు జహీర్ సాబ్ ఒక్కరే గదిలో రిజిస్టర్లు సర్దుకుంటున్నారు. ఆమె ఇచ్చిన కాగితాన్ని ఆయన నిదానంగా చదివారు. చెల్లెలి పురుడు ఉన్నందున, ఇంటిపనులు చూసుకొనుటకై, పన్నెండు రోజులు సెలవు కోరుతున్నాను. ఇట్లు, రామకిషన్‌రావు.

"సెలవుకేం, తీసుకొమ్మను. ఆయన లెక్కలు నేను చెప్త," అన్నారు జహీర్ సాబ్. మళ్లీ కాగితం వెలుతురుకు పట్టి చూశారు. "గని గిది మా లెక్కల సారు దస్తూరీ గాదు గద బేటీ?"

"కాదు సార్, నేను రాసిన. సంతకం గూడ నేనే పెట్టిన. మా ఇంట్ల గదే రివాజు, ఒకరి సెలవు చిట్టి ఒకరు రాస్తరు."