అడ్డు చెక్క

ఆమె లారీ ముందు చక్రం పక్కన గొంతుక్కూర్చుని తాడు లాగింది. చక్రం కింద ఇరుక్కున్న చెక్క కదల్లేదు. "ఇవ్వాళ నీకూ బద్ధకమేనా" అని దాన్నే విసుక్కుని, మోకాలు నేలకు ఆనించి ఇంకోసారి గుంజింది. ఈసారి ఊడి వచ్చింది. ఆమె పక్కకు జరిగి, క్యాబిన్ తలుపు రేకు మీద అరచేత్తో రెండు దెబ్బలు వేసింది. లోపల బ్రేకు తొక్కిపట్టుకుని కూర్చున్న భర్త అప్పుడు కాలు తీశాడు. లారీ చప్పుడు లేకుండా వాలులోకి జారింది. సగం వీధి దిగాక గేరు పడింది. ఇంజను కాసేపు దగ్గి, గొంతు సవరించుకుని, అందుకుంది.

ఆ బండికి సెల్ఫ్ పనిచేయడం మానేసి ఏళ్ళు గడిచాయి. బాగు చేయిస్తే నాలుగు రోజులు మర్యాదగా ఉండి మళ్ళీ మొండికేసేది. హ్యాండ్‌బ్రేకు సంగతి చెప్పనక్కర్లేదు, అది ఉందంటే ఉంది. అందుకని ఎక్కడ ఆపినా వాలు చూసుకుని ఆపాలి, చక్రానికి చెక్క అడ్డం పెట్టాలి, బయల్దేరేటప్పుడు తీయాలి. క్లీనరును పెట్టుకునే స్తోమత లేని రోజుల్లో ఆ పని ఆమె చేతికి వచ్చింది. స్తోమత వచ్చాక కూడా ఆమె దాన్ని ఎవరికీ ఇవ్వలేదు. ఇటుకల బట్టీలోనూ, ఇటుకలు దింపే చోట్లా ఆమె అసలు పేరు ఎవరికీ తెలియదు, అందరికీ చెక్కమ్మే. ఏం పని చేస్తావమ్మా అని కొత్తవాళ్ళెవరైనా అడిగితే, చెక్క పెడతాను, చెక్క తీస్తాను అనేది. వాళ్ళు నవ్వేవాళ్ళు. వాళ్ళతోపాటు ఆమె కూడా నవ్వేది.

రేకు మీద రెండు దెబ్బలు పడితే తప్ప అతను బ్రేకు మీద కాలు తీయకూడదు. పెళ్ళయిన కొత్తలో ఇద్దరూ కలిసి పెట్టుకున్న కట్టుబాటు అది. వీధిలో దెబ్బలాడుకుని మాటలు మానేసిన రోజుల్లో కూడా ఆ దెబ్బలు మాత్రం మానలేదు. ఒక్కోసారి ఆమె కోపమంతా రేకు మీద చూపించేది. ఆ చోట ఆకుపచ్చ రంగు ఎప్పుడో లేచిపోయి, అరచేయంత మేర ఇనుము నున్నగా మెరుస్తూ ఉండేది.

ఆమె చెక్కను భుజాన వేసుకుని వీధి దిగువకు నడిచింది. వయసులో ఉన్నప్పుడు కదిలే బండి వెంట పరుగెత్తి మెట్టు మీద కాలు వేసి ఎక్కేసేది. ఇప్పుడు మోకాళ్ళు సహకరించవు. ఇంజను అందుకున్నాక అతనే వీధి చివర బండి ఆపి ఉంచుతాడు. నడుస్తూ ఆమె ఒకసారి వెనక్కి తిరిగి చూసింది. ఇంటి గోడ పక్కన రెండో లారీ నిలబడి ఉంది. నీలం రంగు, చెక్కుచెదరని అద్దాలు, తోమిన గిన్నెలా తళతళలాడుతోంది. దాని చక్రాల కింద ఏమీ లేదు. అయినా కదలకుండా నిలబడి ఉంది.

అది ఆమె తమ్ముడిది. చూపు తగ్గిందని వైద్యుడు స్టీరింగు ముట్టుకోవద్దన్నాడు. తమ్ముడు కూతురి ఊరికి వెళ్ళిపోతున్నాడు. తనకు డ్రైవింగు నేర్పిన బావకే బండి దక్కాలని పట్టుబట్టాడు. పాతది తనకిస్తే పాత ఇనుప సామాన్లవాడికి అప్పజెప్పి లెక్క సరిపెట్టుకుంటానన్నాడు. వద్దంటే నీలం బండి పట్టుకుపోవడానికి వేరేవాళ్ళు సిద్ధంగా ఉన్నారు. ఏ సంగతో ఈ సాయంత్రానికి తేల్చి చెప్పాలి. ఇంట్లో ఈ విషయం గురించి మొగుడూ పెళ్ళాల మధ్య ఒక్క మాట కూడా జరగలేదు.

ఇంట్లో అతను ఏ విషయం గురించీ మాట్లాడడు. అన్నం తిని, చేయి కడుక్కుని, గోడకు చేరగిలబడితే ఉలుకూ పలుకూ ఉండదు. కానీ స్టీరింగు పట్టుకున్నాడంటే నోరు విప్పుతాడు. కళ్ళు రోడ్డు మీద ఉంటాయి కనుక, ఎదుటి మనిషి ముఖం చూడక్కర్లేదు కనుక, గలగలా వచ్చేస్తాయి మాటలు. పురిట్లోనే పోయిన బిడ్డ గురించి అతను మొదటిసారి ఏడ్చింది కూడా ఆ క్యాబిన్‌లోనే, గేరు మారుస్తూ. ఆ తర్వాత వాళ్ళకు పిల్లలు కలగలేదు. నాలుగు గోడల ఇల్లు వండుకోవడానికీ పడుకోవడానికీ ఉండేది. కాపురం మాత్రం ఆ చిరిగిన రెగ్జిను సీటు మీద చేశారు. నీలం లారీకి తాళంచెవి తిప్పితే చాలని తమ్ముడు మొన్న చూపించినప్పుడు ఆమె గుండె గుభేలుమన్నది అందుకే. తాళంచెవి చాలితే తనెందుకు? ఆ మాట ఎవరితో అనగలదు, అన్నా ఏమని అంటుంది?

బట్టీలో కూలీలు ఇటుకలు పేర్చి బండి నింపారు. మేస్త్రి చేయి ఊపాడు. ఆమె ఎప్పటిలాగే చక్రం దగ్గర కూర్చుని, ఎడమ చేయి నేలకు ఆనించి, కుడి చేత్తో తాడు గుంజింది. చెక్క కొంచెం కదిలిందో లేదో, చక్రం కూడా కదిలింది. రెండు దెబ్బలు ఇంకా పడలేదు. బరువు మీదున్న బండి చెక్కను నెట్టుకుంటూ ముందుకు వచ్చింది. ఆమె ఎడమ చేతి వేళ్ళు చెక్క అంచు కింద నలిగాయి. చేయి లాక్కుని వెనక్కి పడిపోయింది. లారీ జానెడు జారి ఆగింది.

"ఏమేవ్!" అని క్యాబిన్‌లోంచి కేక వినిపించింది. "ఏమేవ్, ఉన్నావా?"

బ్రేకు కింది దాకా దిగిపోయిందని ఆమెకు అర్థమైంది. అతను దాన్ని మళ్ళీ మళ్ళీ తొక్కి ఎలాగో నిలబెట్టాడు. ఇప్పుడు కాలు తీస్తే బండి ఆమె మీదికి వస్తుంది. కాలు తీయకపోతే ఆమె ఏమైందో దిగి చూడలేడు. అక్కడ కూర్చునే అరుస్తున్నాడు, ఆ గొంతు అతనిదిలా లేదు. ఆమె ముందు చెక్కను పాదంతో చక్రం కిందికి నెట్టింది. తర్వాత పలికింది.

"ఉన్నానయ్యా. ఏం కాలేదు."

అతను దిగి వచ్చాడు. ముఖంలో నెత్తురు చుక్క లేదు. ఆమె చేయి చీర కొంగులో దాచుకుంది. అతను మూలపడ్డ డబ్బాలోంచి బ్రేకు నూనె తీసి పోసి, కింద దూరి ఏదో బిగించాక, వాళ్ళు మెల్లగా బయల్దేరారు. సరుకు దింపి ఇల్లు చేరేదాకా అతను ఒక్క మాట కూడా మాట్లాడలేదు. కొంగు చాటున వేళ్ళు ఉబ్బి నీలంగా మారుతున్నాయి.

మధ్యాహ్నం లోడుకు నీలం లారీ తీశాడు. ఎలా నడుస్తుందో చూడాలి కదా అన్నాడు, ఆమె వైపు చూడకుండా. నేనూ వస్తానంది. సీటు మీద ప్లాస్టిక్ కాగితం ఇంకా ఉంది, కూర్చుంటే చప్పుడు చేసింది. పాత బండిలో అరిచి మాట్లాడుకోవాలి, ఇందులో గుసగుసలాడినా వినిపిస్తుంది. కాసేపటికి అతను తేరుకుని మాటల్లో పడ్డాడు. స్టీరింగు వెన్నపూసలా తిరుగుతోందట. గతుకులు తెలియడమే లేదట. చిన్నపిల్లాడిలా మురిసిపోతుంటే ఆమెకూ ముచ్చటేసింది. ముచ్చట పడుతున్నందుకు తన మీద తనకే ఒళ్ళు మండింది.

కడుతున్న మేడ ముందు, ఎత్తు రోడ్డు మీద బండి ఆపాడు. తాళం తిప్పాడు, బ్రేకు లాగాడు, దిగి మేడ యజమానితో మాట్లాడటానికి వెళ్ళాడు. ఆమె కాళ్ళ దగ్గర పెట్టుకుని తెచ్చిన చెక్కను తీసి, దిగి, వెనక చక్రానికి అడ్డం పెట్టింది. ఎవరూ పెట్టమనలేదు. బండి ఆగింది, చేయి ఆ పని చేసింది, అంతే. కూలీలు ఇటుకలు దింపారు. అతను వచ్చి క్యాబిన్‌లోకి ఎక్కాడు. ఆమె వెనక చక్రం దగ్గర కూర్చుని, మంచి చేత్తో తాడు లాగి, చెక్క చంకన పెట్టుకుని, రేకు మీద దెబ్బ వేయడానికి చేయి ఎత్తింది.

చేయి గాలిలో ఉండగానే లారీ వెళ్ళిపోయింది.

వెనకాల దుమ్ము లేచింది. మలుపు తిరిగి కనుమరుగయ్యేదాకా ఆమె అలాగే చేయి ఎత్తి నిలబడింది. కూలీల్లో ఒకడు మొదలుపెట్టాడు, చెక్కమ్మని మొగుడు వదిలేసి పోయాడని. మిగతావాళ్ళు పగలబడి నవ్వారు. ఇంకొకడు, కొత్త బండి వస్తే పాత సామాను ఎవరు మోస్తారని అందుకున్నాడు. వాళ్ళకు ఏమీ తెలియదు, ఊరికే వేళాకోళం. ఆమె కూడా నవ్వింది. నవ్వుతూనే గోడ నీడకు వెళ్ళి చెక్క మీద కూర్చుంది. నీడ పక్కకు జరిగి ఎండ పాదాల మీదికి వచ్చేదాకా అతను రాలేదు.

వచ్చాక తలుపు తీసి పట్టుకుని నిలబడ్డాడు. ముఖం చెల్లక నేల చూపులు చూస్తున్నాడు.

"పక్కనే కూర్చున్నావనుకున్నానే. మాట్లాడుతూనే ఉన్నాను."

"ఏం మాట్లాడావు?"

"ఏవో... ఈ బండి గురించే."

ఆమె ఎక్కి కూర్చుంది. అతను మాట్లాడాలంటే పక్కన తను ఉండాలని ఇన్నాళ్ళూ అనుకుంది. సీటు ఉంటే చాలునన్నమాట. కోపం వస్తే బాగుండేది, రాలేదు. దారి పొడుగునా అతను సంజాయిషీ చెబుతూనే ఉన్నాడు, ఆమె ఊఁ కొడుతూనే ఉంది.

సాయంత్రం తమ్ముడు వచ్చాడు. నల్లకళ్ళద్దాలు పెట్టుకున్నాడు, గడప తడుముకుంటూ లోపలికి అడుగుపెట్టాడు. వెంట పాత బండి తోలుకుపోవడానికి ఇనుప సామాన్లవాడి మనిషి కూడా వచ్చాడు. ఏమంటావు బావా అని తమ్ముడు అడిగాడు. గోడకు చేరగిలబడ్డవాడు లేచి కూర్చున్నాడు. ఇంట్లో ఎన్నడూ లేనిది, పెళ్ళాం ముఖంలోకి సూటిగా చూశాడు.

"పాతదే ఉంచుకుంటాను లేరా. బ్రేకు బాగు చేయించుకుంటా. మీ అక్కకు ఆ బండే అలవాటు."

ఆమె రెండు రోజులుగా ఏ మాట కోసం చెవులు కోసుకుందో ఆ మాట అతని నోటి నుంచే వచ్చింది. మధ్యాహ్నం తనను మరిచిపోయినందుకు అతను చెల్లిస్తున్న జరిమానా అది. ఊఁ అంటే చాలు, రేపు తెల్లవారితే మళ్ళీ ఆ చిరిగిన సీటు తనదే. కొంగు కింద ఉబ్బిన వేళ్ళు సలుపుతున్నాయి. బ్రేకు ఇదివరకూ బాగు చేయించారు, అది ఇదివరకూ మళ్ళీ పోయింది. ఏదో ఒక రోజు అతను పైన కూర్చుని, కాలు తీయలేక, దిగి చూడలేక, ఉన్నావా అని అరుస్తాడు. జవాబు రాదు. తను పోతుందన్న భయం ఆమెకు పెద్దగా లేదు. జవాబు రాని ఆ క్యాబిన్‌లో బ్రేకు తొక్కి పట్టుకుని అతను ఎంతసేపు కూర్చుంటాడో తలుచుకుంటేనే ఒళ్ళు జలదరించింది.

"నాకు మోకాళ్ళు నొప్పులు. ఎక్కలేను, దిగలేను. కొత్తది ఉంచుకో" అంది.

"నిజంగానే అంటున్నావా?"

"ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటా. నాకు మాత్రం సుఖం వద్దా?"

అతను ఊపిరి వదిలాడు. ఎంత వద్దనుకున్నా అతని ముఖం తేటపడింది, ఆమె అది కూడా చూసింది. అక్క ఎప్పుడూ తెలివిగలదేనని తమ్ముడు మెచ్చుకున్నాడు.

పాత లారీ కదలాలంటే చెక్క తీయాలి. అది ఎవరు తీస్తారని ఎవరూ అడగలేదు. ఇనుప సామాన్లవాడి మనిషి క్యాబిన్‌లోకి ఎక్కాడు, తమ్ముడు పక్క సీట్లో కూర్చున్నాడు. రెండు దెబ్బలు పడేదాకా కాలు తీయొద్దని ఆమె ఇద్దరికీ మరీ మరీ చెప్పింది. గొంతుక్కూర్చుని తాడు లాగింది. మొరాయించకుండా, ఒక్క లాగుకే చెక్క వచ్చేసింది. ఆమె లేచి రేకు మీద నున్నబడ్డ చోట అరచేయి ఆనించింది. పగటి ఎండకు అది ఇంకా వెచ్చగా ఉంది. కాసేపు అలాగే ఉంచి, ఒక దెబ్బ వేసింది. తర్వాత రెండోది వేసింది.

లారీ వాలులోకి జారింది, దగ్గింది, అందుకుంది. ఆమె చెక్కను భుజాన వేసుకుని వీధి దిగువకు నడిచింది. చివరిదాకా వెళ్ళింది. రోజూ బండి ఆగే చోట నూనె మరక ఉంది, బండి లేదు. అప్పుడు గుర్తొచ్చింది ఆమెకు, తన కోసం ఎవరూ ఆగక్కర్లేదని. ఎదురింటావిడ చూస్తోంది. ఏదో పనిమీద వచ్చినట్టు అటూ ఇటూ చూసి, ఆమె వెనక్కి తిరిగి ఇంటికి వచ్చింది.

మర్నాడు తెల్లవారుతుండగా అతను లేచాడు. మునివేళ్ళ మీద నడిచాడు, గిన్నెల మూతలు శబ్దం కాకుండా తీశాడు, తన అన్నం తనే సర్దుకున్నాడు. ఇన్నేళ్ళుగా సరిగ్గా నిద్రపోని మనిషి, ఇవాళైనా పడుకోనీ అనుకున్నాడు కాబోలు. ఆమె అప్పటికి ఎంతోసేపటిగా మేలుకునే ఉంది. అతను అంత జాగ్రత్త పడుతుంటే కళ్ళు తెరవడం బాగుండదని మూసుకునే పడుకుంది. తలుపు మెల్లగా మూసుకుంది. బయట లారీ తాళం తిరిగింది, ఇంజను ఒక్కసారికే అందుకుంది, బండి ఎవరి కోసమూ ఆగకుండా వీధి దాటి వెళ్ళిపోయింది. అందులో అతను మాట్లాడుతూనే ఉంటాడు. ఆమె గోడ వైపు తిరిగి, కొంగు నోట్లో కుక్కుకుని, చప్పుడు కాకుండా ఏడ్చింది.

బయట గడప పక్కన, పాత లారీ నిలబడే చోట, చెక్క ఉంది. ఇన్నేళ్ళ బరువుకు చక్రం ఆకారంలో గుంటపడిన దాని వీపు పైకి ఉంది, తాడు పక్కన చుట్ట చుట్టుకుని పడి ఉంది.